మాటకు కత్తెర

గత నెలలో ఒక ఆదివారము సాయంకాలము స్మృతి నగర్‌లోని మా ఇంటి వరండాలో కూర్చుండి మేము పత్రిక చదువుకొనుచుండగా, మా తల్లిగారు ఫోను చేతబట్టుకొని వచ్చినారు. "ఒరే నాయనా, మనవడు ఏటో రాసినాడు, సూడు" అన్నారు. బెంగుళూరులో చదువుకొనుచున్న మా అబ్బాయితో ఆమె అరగంట నుండి ఫోనులో వ్రాతమాటలాడుచున్నారు. ఎనుబదేండ్ల వయస్సులో ఆమె తెలుగు అక్షరములను ఒక్కొక్కటిగా వెదకి నొక్కి, "ఎప్పుడొస్తావు బాబూ?" అని అడిగినారు. దానికి వచ్చిన సమాధానము మూడే అక్షరములు. బీ, ఆర్, బీ.

ఉక్కునగరములో ముప్పది యేండ్లు గడిపినవారికి ఎక్కడ మూడు ఇంగ్లీషు అక్షరములు కనబడినను ముందుగా ఒక మిల్లు మనస్సులో మెదలును. రైల్ అండ్ స్ట్రక్చరల్ మిల్లు మనకు ఆర్ఎస్ఎమ్. యూనివర్సల్ రైల్ మిల్లు యూఆర్ఎమ్. బార్ అండ్ రాడ్ మిల్లు బీఆర్ఎమ్. మరి ఈ బీఆర్‌బీ యే మిల్లు? మా శ్రీమతిగారిని అడిగినాము. ఆమెకును తెలియదు. ఎదురింటి కాలేజీ పిల్ల వచ్చి, "బి రైట్ బ్యాక్ అంకుల్, ఇప్పుడే వస్తాను అని" అని విప్పి చెప్పినది. ఆ మాటనే మేము మా తల్లిగారికి చెప్పితిమి. "ఇప్పుడే వస్తాడా? అయితే మినపప్పు నానబొయ్యమను మరి" అని ఆమె లేచినారు. వాడు వచ్చుట ఇంటికి కాదనియు, ఫోను దగ్గరకనియు ఆమెకు బోధపరచుటకు కొంత సేపు పట్టినది. ఇప్పుడే వచ్చెదనన్నవాడు రాత్రి పది గంటల వరకు ఆ ఫోను దగ్గరకును రాలేదు. అది వేరు సంగతి.

మరునాడు ఉదయపు నడకలో ఈ ముచ్చట చెప్పగా, మాతో నడచు విశ్రాంత మిత్రులొకరు తీవ్రముగా స్పందించినారు. "ఈ పిల్లలు ఇంగ్లీషును ముక్కలు చేసి చంపివేయుచున్నారు. మన కాలములో ఇట్లున్నదా?" అన్నారు. ఆ ప్రశ్నకు అప్పుడు మేము జవాబు చెప్పలేదు. ఆయన వేగముగా నడచుదురు, మాకు ఆయాసము. ఆ జవాబు ఈ నెల శీర్షికలో వ్రాయుచున్నాము. ఆయన ఈ పత్రికను తప్పక చదువుదురు.

మన కాలమునకు మూడు వందల యేండ్ల ముందే ఈ ఫిర్యాదు ఉన్నది. గలివర్ యాత్రలు వ్రాసిన జోనాథన్ స్విఫ్ట్ 1710లో లండను నుండి వెలువడుచుండిన టాట్లర్ అను పత్రికలో, యువకులు మాటలను నడుమకు నరికి మొండెములను ప్రచారము చేయుచున్నారని తీవ్రముగా వ్రాసినాడు. (ఆ పత్రికను నడపినవాని పేరు రిచర్డ్ స్టీల్. ఉక్కువారమైన మనకు ఈ వివరము రుచించును.) స్విఫ్ట్ వేలెత్తి చూపిన మాటలలో పాజ్, ఫిజ్, రెప్, మాబ్ అనునవి కలవు. పాజిటివ్ అనుటకు పాజ్, ఫిజియానమీ అనగా ముఖమునకు ఫిజ్, రెప్యుటేషనుకు రెప్. మాబ్ అను మాటను ఆపుటకు తాను కొన్నేండ్లుగా శాయశక్తుల ప్రయత్నించితిననియు, కాని ఎదుటివారి సంఖ్యకు ఓడిపోయితిననియు ఆయనే ఒప్పుకొన్నాడు. మరుసటి సంవత్సరము స్పెక్టేటర్ పత్రికలో అడిసన్ కూడ ఇట్టి కత్తిరింపులను గురించి ప్రస్తావించినాడు.

ఇప్పుడు చూడుడు. పాజ్ నేడు ఎవరికిని తెలియదు. ఫిజ్ దాదాపుగా చచ్చినది. స్విఫ్ట్ అధికముగా ద్వేషించిన మాబ్ మాత్రము మూడు శతాబ్దములుగా నిక్షేపముగా ఉన్నది. నేడు ఏ న్యాయమూర్తి తీర్పులోనైనను, ఏ పత్రికా సంపాదకీయములోనైనను నిస్సంకోచముగా వాడబడుచున్నది. అది మొబిలే వల్గస్ అను లాటిన్ మాటల తునక. చంచలమైన జనసమూహమని అర్థము. కత్తెర వేసినప్పుడు జనము అను మాట క్రిందపడిపోయినది, చాంచల్యము మిగిలినది. మన జేబులోని మొబైలు కూడ ఆ లాటిన్ మూలము నుండియే వచ్చినది. ఒకే తల్లి బిడ్డలైన ఈ రెండు మాటలు నేడు కలసి యెంత అల్లరి చేయుచున్నవో పాఠకులకు తెలియనిది కాదు.

కత్తిరింపు ఎట్లు జరుగునో మన మిల్లు భాషలో చెప్పిన సులభముగా నుండును. ఎఱ్ఱగా కాగిన బ్లూమును రోలర్ల నడుమ సాగదీసిన పిమ్మట దాని తలయు తోకయు సరియైన ఆకారములో ఉండవు. వాటిని నరికివేయుదుము. ఆ ముక్కలను క్రాపు ఎండ్లు అందుము. అవి తుక్కులో కలసి మరల కొలిమికే చేరును. ఇంగ్లీషు మాటలకును ఇదే క్రాపింగు. ఎగ్జామినేషను తోక నరికిన ఎగ్జాము, లేబరేటరీ తోక నరికిన ల్యాబు, జిమ్నేషియము తోక నరికిన జిమ్ము. టెలిఫోను తల నరికిన ఫోను, ఏరోప్లేను తల నరికిన ప్లేను. ఇన్‌ఫ్లుయెంజాకు తల, తోక రెండును నరికిన ఫ్లూ. రిఫ్రిజిరేటరుకు అదే గతి పట్టి ఫ్రిజ్జు మిగిలినది.

వీటన్నిటిలో మాకు మిక్కిలి ప్రియమైనది బస్సు. లాటిన్‌లో ఆమ్నిబస్ అనగా అందరి కొరకు. ఫ్రాన్సు దేశములో ధనిక, పేద భేదము లేక రుసుము చెల్లించిన అందరినీ ఎక్కించుకొను గుఱ్ఱపు బండ్లకు ఆ పేరు పెట్టినారు. 1829లో షిల్లిబీర్ అను ఆయన లండనులో పాడింగ్టన్ నుండి బ్యాంకు వరకు అట్టి బండ్లను నడపినాడు. లండను జనము తొందరలో ఆమ్ని అను ముందు భాగమును వదలివేసి బస్ అన్నారు. ఆ మిగిలిన ముక్కలో మాట యొక్క ప్రాణమే లేదు. అది విభక్తి ప్రత్యయపు తునక. తెలుగులో చెప్పిన, "అందరి కొరకు" అను బండికి "అందరి" తీసివేసి "కొరకు" అని పేరు పెట్టినట్లు. మనము నిత్యము సుపేలాకు, దుర్గుకు వెళ్లుచున్నది "కొరకు" ఎక్కియే. ఈ సంగతి ఒక కార్యక్రమములో చెప్పగా వ్యాకరణము తెలిసిన ఒక పెద్దలు పగలబడి నవ్వినారు. మిగిలినవారు మర్యాదకు నవ్వినారు.

క్యాబు కథ కూడ చిన్నది కాదు. క్యాబ్రియొలే అను రెండు చక్రముల గుఱ్ఱపు బండి తేలికగా ఎగురుచు పోవునది గనుక మేకగంతు అను అర్థము గల ఫ్రెంచి మాట నుండి దానికి ఆ పేరు వచ్చినది. అది తెగి క్యాబు అయినది. బాడుగను కొలుచు యంత్రము టాక్సీమీటరు. అది తెగి టాక్సీ అయినది. ఇక ఫ్యాను, అనగా అభిమాని, ఫనాటిక్ అను మాట ముక్క. వెర్రి భక్తితో ఒడలు మరచినవాడని దాని మూలార్థము. అమెరికాలో బేస్‌బాల్ ఆట చూచువారిని పందొమ్మిదవ శతాబ్దపు చివరలో అట్లు పిలిచినారు. మనవైపు కొత్త సినిమా మొదటి ఆట చూచినవారికి ఆ మూలార్థమును వేరుగా విప్పి చెప్పనక్కరలేదు.

ఏ మాటకు కత్తెర పడునో, దేనికి పడదో చెప్పుటకు ఒక లెక్క కలదు. 1935లో జార్జ్ కింగ్‌స్లీ జిఫ్ అను అమెరికా ఆచార్యుడు ఒక గ్రంథములో, ఎంత తరచుగా వాడబడు మాట అంత పొట్టిగా ఉండునని నిరూపించ బూనినాడు. ఇంజినీరులకు ఇది కొత్త కాదు. మోర్స్ తంతి సంకేతములో ఇంగ్లీషున అత్యధికముగా వచ్చు ఈ అను అక్షరమునకు ఒకే చుక్క. అరుదుగా వచ్చు క్యూ అను అక్షరమునకు నాలుగు గుర్తులు. రోజూ మోయు బరువును తేలిక చేసికొనుట మనిషి స్వభావము. విద్యార్థి రోజుకు ఇరువది సార్లు ఎగ్జామినేషను అనలేడు. కావున మాట మొదట తెగునది దానిని నిత్యము నలుపు చిన్న గుంపులో. విద్యార్థులు, సైనికులు, నావికులు, వర్తకులు, పత్రికల వారు, మిల్లు పనివారు. ఆ గుంపులో అది ముద్దుమాట, గుర్తుమాట. అది పలికినవాడు మనవాడు, పలుకనివాడు పరాయివాడు. గుంపు వెలుపలి వారు విని, మొదట నవ్వి, తరువాత తిట్టి, ఆ పిమ్మట తామే వాడుదురు. ఇందులో ఏ సంఘము తీర్మానమును లేదు, ఏ పండితుని ఆమోదమును లేదు.

మా మిత్రులు ముఖ్యముగా ద్వేషించునది ఓఎమ్‌జీ అను మూడక్షరములను. "ఓ మై గాడ్ అనుటకు కూడ తీరిక లేదా వీరికి?" అని వారి కోపము. 1917 సెప్టెంబరులో, మొదటి ప్రపంచ యుద్ధము జరుగుచుండగా, ఫిషర్ అను వృద్ధ నౌకా సేనాధిపతి విన్‌స్టన్ చర్చిల్‌కు వ్రాసిన లేఖలో ఈ మూడక్షరములు కలవు. అప్పటికాయన వయస్సు డెబ్బది ఆరు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వారు 2011లో ఈ మాటను తమ పుటలలోనికి తీసికొన్నారు. కావున మిత్రులు తమ కోపమును కాలేజీ పిల్లల మీద కాక నౌకాదళము మీద చూపవలెనని మనవి.

ఓకే కూడ ఇట్టిదే. 1839లో బోస్టన్ నగరపు పత్రికల యువకులకు, మాటలను కావలెనని తప్పుగా వ్రాసి, ఆ తప్పు మాటల తొలి అక్షరములను వాడు వేడుక పట్టినది. ఆల్ కరెక్ట్ అనుదానిని ఓ, కే అక్షరములతో మొదలగునట్లు వ్రాసి ఓకే అన్నారు. నాటి వేడుక మాటలన్నియు పోయినవి. ఇది మాత్రము మరుసటి సంవత్సరపు అమెరికా అధ్యక్ష ఎన్నికలో వాన్ బ్యూరెన్ అను అభ్యర్థి ముద్దుపేరుతో కలసివచ్చి నిలిచిపోయినది. నేడు మన కర్మాగారములో ఏ ఫైలు చూచినను అది ఉండును.

ఇంగ్లీషువారి కత్తెరను గురించి ఇంత చెప్పి, మన కత్తెరను గురించి చెప్పకుండుట ధర్మము కాదు. వారు బైసికిల్ మాట తోకను నరికి బైక్ అన్నారు. మనము తలను నరికి సైకిలు అన్నాము. తరువాత వారి ముక్కను కూడ తెచ్చుకొని మోటారు సైకిలుకు పెట్టుకొన్నాము. ఒకే మాట రెండు ముక్కలై, ఒకటి కాళ్లతో త్రొక్కునదిగను, మరొకటి పెట్రోలు త్రాగునదిగను మన వాకిట నిలిచినవి. ఇంటర్మీడియట్ అను దీర్ఘమైన మాట తెలుగు దేశములో ఇంటరు. ఇంటరు అనగా నడుమ. ఏ రెండింటి నడుమ అని ఎవరును అడుగరు. విశాఖపట్నమును తెల్లవారు తమ నోటికి తగినట్లు వైజాగ్ అని కోసినారు. మనము మన పద్ధతిలో విశాఖ అని కోసికొన్నాము. మా ఉత్తరాంధ్ర కథకులలో పెద్దలు మువ్వురు. చాగంటి సోమయాజులు, రాచకొండ విశ్వనాథశాస్త్రి, కాళీపట్నం రామారావు. ఈ మూడు పేర్లును ఇట్లు పూర్తిగా చెప్పిన పాఠకుడు ఒక నిమిషము తడబడును. చాసో, రావిశాస్త్రి, కారా అనిన వెంటనే లేచి కూర్చుండును. కోసిన ముక్కలో ఆప్యాయత యెక్కువ యని దీనివలన తెలియుచున్నది.

రైలు మాట వేరే చెప్పవలెను. ఇంగ్లీషులో రైల్ అనగా పట్టా. దాని మీద నడచునది ట్రెయిను. మనము రైలుబండి అని మొదలుపెట్టి, బండిని విడిచి, పట్టా పేరునే బండికి పెట్టినాము. భిలాయిలో దీనివలన ఒక చిక్కు. మా చిన్నతనములో మా నాన్నగారు రైలు మిల్లులో పని చేయుచుండిరి. సెలవులలో బొబ్బిలి వైపున్న మా గ్రామమునకు పోయినప్పుడు, "మా నాన్న రైళ్లు చేస్తారు" అని మేము గర్వముగా చెప్పితిమి. ఊరి పిల్లలు, "ఇంజనుతో సహానా?" అని అడిగినారు. మేము తల ఊపితిమి. ఆ అబద్ధము కొన్ని వేసవుల వరకు సాగినది.

అసలు మన భిలాయి పుట్టుకయే కత్తిరించిన పేర్ల నడుమ జరిగినది. 1955 ఫిబ్రవరిలో సోవియట్ దేశముతో ఒప్పందము కుదిరిన పిమ్మట ఈ కర్మాగారమునకు రూపకల్పన చేసిన సంస్థ పేరు గిప్రోమెజ్. లోహ కర్మాగారముల రూపకల్పన చేయు ప్రభుత్వ సంస్థ అను రష్యన్ మాటల నుండి తలా ఒక ముక్క ఏరి అతికిన పేరది. యంత్రసామగ్రి వ్యవహారము చూచిన సంస్థ తియాజ్‌ప్రోమ్‌ఎక్స్‌పోర్ట్. భారీ, పరిశ్రమ, ఎగుమతి అను మూడు మాటల ముక్కలు. ఆ దేశమువారు ఇట్టి అతుకులలో ఆరితేరినవారు. వారి పేర్లు పలుకలేక మన తొలితరము వారు వాటిని మరల కోసి వాడుకొన్నారని పెద్దలు చెప్పగా వింటిమి.

1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన ఈ కర్మాగారమును పూర్తి పేరుతో పిలుచువారు నేడు ఎవరును లేరు. బీఎస్‌పీ అందుము. 1984లో ఒక రాజకీయ పక్షము అవే మూడక్షరములతో వచ్చినది. నాటి నుండి, "మేము బీఎస్‌పీలో ఉన్నాము" అని పైవూరి వారితో చెప్పునప్పుడు ఒక వివరణ జోడించవలసివచ్చుచున్నది. ఇక సెక్టర్ నైన్ అనిన భిలాయి వారికి పెద్దాసుపత్రి. ఫలానావారు సెక్టర్ నైన్‌లో ఉన్నారు అనిన ఇక్కడివారు, "అయ్యో, ఏమైనది?" అందురు. పార్వతీపురములోని మా బంధువొకరు మాత్రము, "కొత్త క్వార్టర్ వచ్చిందా, సంతోషం" అన్నారు.

ఎస్ఎమ్ఎస్ ముచ్చట పాతవారందరికి తెలిసినదే. మనకు అది స్టీల్ మెల్టింగ్ షాపు. 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో ఒక యువ ఇంజినీరు క్రిస్మస్ శుభాకాంక్షలతో మొట్టమొదటి ఫోను సందేశము పంపినప్పుడు, ఆ మూడక్షరములు భిలాయిలో అప్పటికే వాడుకలో ఉన్నవని ఆయనకు తెలియదు. మన ఊరికి మొబైలు వచ్చిన కొత్తలో ప్లేట్ మిల్లులోని ఒక ఆపరేటరుకు ఆయన కుమారుడు ఫోను చేసి, "నాన్నా, ఎస్ఎమ్ఎస్‌కు పంపినాను, చూడు" అన్నాడట. "నేను ప్లేట్ మిల్లులో ఉంటే అక్కడికి ఎందుకు పంపినావురా!" అని ఆయన కేకలు వేసినారట. ఆ సందేశమునకు నూట అరువది అక్షరముల హద్దు ఉండెడిది. పిల్లల కత్తెర పదును తేలినది అక్కడనే. హద్దు నేడు లేదు, కత్తెర మాత్రము చేతిలో ఉండిపోయినది.

నవ్వులాటలు ఇంతవరకు. నవ్వులాట కానిది ఒకటి మా స్వానుభవములో కలదు. ఉద్యోగపు తొలినాళ్లలో, పేరు అనవసరమైన ఒక చోట, మేము రాత్రి షిఫ్టు ముగించి లాగ్ పుస్తకములో, "సీఓ హై, చూడవలెను" అని వ్రాసి ఇంటికి పోయి నిద్రించితిమి. మా ఉద్దేశ్యము కోక్ ఓవెన్ గ్యాసు గొట్టములో ఒత్తిడి హెచ్చుగా ఉన్నదని. మా విభాగములో ఆ గ్యాసును అందరును సీఓ గ్యాసు అందురు. తరువాతి షిఫ్టుకు ఆనాడు వచ్చినది వేరొక విభాగము నుండి బదలీ పొందిన మనిషి. బ్లాస్ట్ ఫర్నేసు వైపున సీఓ అనిన కార్బన్ మోనాక్సైడు. రంగు లేదు, వాసన లేదు. బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసులో సుమారు నాలుగింట ఒక వంతు అదియే. గాలిలో విషవాయువు హెచ్చినదని ఆయన అర్థము చేసికొని, ప్లాట్‌ఫారము మీద ఉన్న మనుషులనందరిని దింపి, గ్యాసు రక్షణ దళమును పిలిపించినాడు. ముఖములకు శ్వాసయంత్రములు తగిలించుకొని వారు వెదకినారు. రెండు గంటల పని ఆగిపోయినది.

మధ్యాహ్నము మమ్ములను పిలిపించినారు. మేము మా తప్పు లేదన్నట్లు, "మా దగ్గర అందరును అట్లే వ్రాయుదురు" అంటిమి. మా పై అధికారి చాల సేపు ఆ పుస్తకమునే చూచినారు. తరువాత, "ఆయన తప్పుగా చదివినాడు గనుక నష్టము రెండు గంటలు. నీవు నిజముగా విషవాయువు గురించి వ్రాసి, ఆయన దానిని గొట్టములో ఒత్తిడి అని చదివి ఉంటే?" అన్నారు. అంతకు మించి తిట్టలేదు. తిట్టినను బాగుండెడిది. ఆ నాటి నుండి లాగ్ పుస్తకములోను, పర్మిట్లలోను మేము పూర్తి మాటయే వ్రాయుచున్నాము. మా చేతివ్రాత దీర్ఘమని కుర్రవారు నవ్వుదురు. మాకు తెలిసినంతలో, పొట్టి మాట పుట్టిన గుంపులో అది ఉన్నంత కాలము దానివలన చెరుపు లేదు. గుంపు గడప దాటి, కొత్త మనిషి చేతిలో పడిన క్షణమున ఏమగునో కోసినవానికి తెలియదు.

బీఆర్‌బీ వచ్చిన రాత్రి మా తల్లిగారు నిద్రపోలేదు. మనవడు ఇంకను తిరిగి పలుకలేదని ఫోను ఒడిలో పెట్టుకొని కూర్చున్నారు. మేము పోయి పడుకొమ్మంటిమి. అప్పుడామె, "మీ నాయినమ్మ పోయినప్పుడు తంతి వచ్చింది, నీకు గుర్తుందా?" అని అడిగినారు.

కొద్దిగా గుర్తున్నది. అప్పుడు మాకు ఎనిమిదేండ్లు. తంతిలో మాటకింత అని రుసుము గనుక పల్లెలవారు ప్రాణము మీదికి వచ్చినప్పుడును మాటలు లెక్కపెట్టుకొనెడివారు. మా నాన్నగారి పేరిట క్వార్టర్‌కు వచ్చిన ఆ కాగితములో ఉన్నవి నాలుగు మాటలు. మదర్, సీరియస్, స్టార్ట్, రావు. మా పెదనాన్నగారి పేరును రావే, మా మేనమామగారి పేరును రావే. రెండు గ్రామములకు తపాలా కార్యాలయము ఒక్కటే. మదర్ అనగా ఎవరి తల్లి? మా నాన్నగారి తల్లియా, మా అమ్మగారి తల్లియా? తిరిగి అడుగుటకు ఊరిలో ఫోను లేదు. ఆ రాత్రియే బండి ఎక్కితిమి. రాయపురము, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురము. మేము నిద్రలో ఉంటిమి. వారిద్దరును ఒకరినొకరు ఓదార్చుకొనలేక, ఒకరి ముఖము ఒకరు చూడలేక ఎదురెదురుగా కూర్చున్నారట.

"బొబ్బిలి టేసన్లో మీ పెదనాయన నిలబడున్నాడు. ఆయన్ని సూసేసరికి తెలిసిపోయింది, మా అత్త అని. నా గుండెల మీంచి బండ దిగినట్టయిందిరా. ఆ ఎంటనే సిగ్గేసింది. మీ నాయిన అక్కడే కూలబడిపోతే నాకు తేలికయింది. ఆ మాట ఆయన పోయేదాకా ఆయనకి సెప్పలేదు" అన్నారు మా తల్లిగారు.

మాకు ఏమనుటకును తోచలేదు. 1850లో కలకత్తా, డైమండ్ హార్బరుల నడుమ మొదలైన ఆ తంతి ఈ దేశములో 2013 జూలైలో ఆగిపోయినది. ఆనాడు పత్రికలన్నియు దానిని గురించి తీపి జ్ఞాపకములు వ్రాసినవి. మా ఇంట్లో ఎవరును ఏమియు అనలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసినది.

రాత్రి పదిన్నరకు అబ్బాయి మరల పలికినాడు. ఆడుకొన బోయి ఆలస్యమైనదట. మా తల్లిగారు ఫోనును మాకిచ్చి, "నేను సెప్తాను, నువ్వు రాయి. ఒక్క ముక్క తగ్గించకు" అన్నారు. "దసరాకి రా నాయనా. టిక్కెట్టు ముందే తీసుకో. దుర్గులో దిగు, మీ నాన్న బండి తీసుకొస్తాడు. చలి మొదలవుతుంది, దుప్పటి తెచ్చుకో. నువ్వు వస్తే గారెలు వేస్తాను. వచ్చేదీ లేనిదీ నాకు సరిగ్గా చెప్పు" అని ఆమె చెప్పినదంతయు మేము అక్షరము పొల్లుపోకుండ వ్రాసి పంపితిమి. మా వ్రేళ్ల వేగమునకు పది నిమిషములు పట్టినది.

జవాబు తక్షణమే వచ్చినది. ఒకే అక్షరము. కే.

"ఏటన్నాడు?"

"ఓకే అన్నాడమ్మా. అందులో సగం రాశాడు."

ఆమె కళ్లజోడు సవరించుకొని ఆ అక్షరమును కొంత సేపు చూచినారు. "రెండచ్చరాల మాటకి కూడా సగమేనా?" అన్నారు. తరువాత ఫోనును మాకు తిరిగి ఇచ్చుచు అడిగినారు.

"ఇంతకీ వస్తాడంటావా?"